అక్క సూట్‌కేసు

ఆగస్టు 3, ఆదివారం

వీసా వచ్చింది. కాశిఫ్ బావ వాట్సాప్‌లో పంపాడు. అందులో నా ఫోటో బాగాలేదు. ఏదో తప్పు చేసి దొరికిపోయినదానిలా ఉన్నాను.

అమ్మ నా ఫోన్ పట్టుకుని సందంతా తిరిగి చూపించి వచ్చింది. ఇప్పుడు మట్టెవాడలో మా సందువాళ్ళందరికీ తెలుసు, ఖాజా పాషా చిన్నబిడ్డ మస్కట్ పోతాందని. ఎందుకు పోతాందని మాత్రం ఎవరూ అడగలేదు. అదీ తెలుసు కాబట్టి.

ఒక్కసారైనా రాయాలి. ఇన్ని నెలలు రాయలేదు. ఫిర్దోస్ అక్క చనిపోయింది. మార్చిలో, అక్కడి దవాఖానలో కాన్పయ్యాక రక్తం ఆగలేదు. అక్కడే మట్టి చేశారు. ఇక్కడినుంచి ఎవరమూ పోలేకపోయాం. వీడియోలో తెల్లగుడ్డ చూశాం, అంతే. పిల్లవాడు బతికాడు. సోహెల్.

వాణ్ణి అక్క అత్తగారు ఇమాంబీ చూసుకుంటోంది. కాన్పు చేయడానికని వెళ్ళి అక్కడే ఉండిపోయింది. రఘునాథపల్లిలో పొలం పనులు చేసిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళు వంగవు. పిల్లవాణ్ణి ఎత్తుకుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. బావ ఏసీ మెకానిక్. పొద్దున పోతే చీకటిపడ్డాకే రావడం. అందుకని ఇమాంబీకి సాయంగా ఆరు నెలలు నేను.

స్కూల్లో లీవ్ అడిగాను. ఆరు నెలల లీవంటే రిజైన్ చేసినట్టే కదమ్మా అని ప్రిన్సిపల్ మేడం నవ్వింది. ఎయిత్ క్లాస్ పిల్లలకు ఇంకా చెప్పలేదు.

నేను హైదరాబాద్ దాటి ఎక్కడికీ పోలేదు. ఏం సర్దుకోవాలి?

ఆగస్టు 5, మంగళవారం

బిడ్డకు కొత్త సూట్‌కేసు కొంటానన్నాడు అబ్బా. ఎందుకు, ఫిర్దోస్‌ది మంచిగనే ఉన్నది కద అన్నది అమ్మ. ఆ మాట చాలా మామూలుగా అన్నది. నేనూ అబ్బా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

అక్క నీలం సూట్‌కేసు ఏప్రిల్‌లో తిరిగొచ్చింది. బావతో పనిచేసే జనగామ అతనెవరో తెచ్చి ఇచ్చి, నీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. అప్పటినుంచి బీరువా మీదే ఉంది. అమ్మ దానిమీద ఒక పాత దుపట్టా కప్పింది. హ్యాండిల్‌కు ఫ్లైట్ వాళ్ళు కట్టిన కాగితం అలాగే ఉంది.

అబ్బా స్టూల్ ఎక్కి దించాడు. డోర్నకల్‌లో రైల్వేలో ఉన్నన్నాళ్ళూ ఎంత బరువైనా ఒంటిచేత్తో దించిన మనిషి. దీన్ని రెండు చేతులతో పట్టుకుని దించాడు. ఇంటి మధ్యలో పెట్టి, నమాజుకు పోయొస్తా అని వెళ్ళాడు. నమాజుకు ఇంకా చాలా టైముంది.

ఆగస్టు 6, బుధవారం

ఇవాళ కూడా తెరవలేదు. నడుస్తుంటే కాళ్ళకు తగులుతోంది.

ఆగస్టు 8, శుక్రవారం

తెరిచాం.

నంబర్ లాకు ఉంది, నంబర్ తెలియదు, బావను ఎట్లా అడగాలి అని మూడ్రోజులు ఆగాం. తీరా చూస్తే లాకే వేసి లేదు. జిప్ లాగితే వచ్చేసింది.

మూత ఎత్తగానే అక్క కొబ్బరినూనె వాసన. అమ్మ మూత వెంటనే మూసింది. వాసన పోతదే అన్నది. కాసేపు అట్లాగే మూత మీద చెయ్యి పెట్టి కూర్చుంది. తర్వాత తనే తెరిచింది.

బావే సర్దినట్టున్నాడు. బట్టలు మడతపెట్టలేదు, ఉండచుట్టి కుక్కాడు. నైటీలు, రెండు చుడీదార్లు, అమ్మ కుట్టి పంపిన పాలిచ్చే జాకెట్లు. వాటికి ఇంకా గంజి కూడా పోలేదు. సగం తిన్న మామిడికాయ తొక్కు సీసా. దువ్వెన. దువ్వెనలో వెంట్రుకలు.

చెప్పు ఒక్కటే ఉంది. ఎడమకాలిది.

అమ్మ ఇక మిగతావేవీ పట్టించుకోలేదు. రెండోదేది, రెండోదేది అంటూ ప్రతి నైటీ విప్పి దులిపింది. లైనింగ్ జిప్ తీసి చెయ్యి పెట్టి వెతికింది. తొందర్లో అక్కడే మర్చిపోయి ఉంటాడమ్మా అన్నాను. మరి ఒక్క చెప్పు ఎందుకు పంపిండే, రెండు పంపాలె, లేకపోతె రెండూ ఉంచుకోవాలె అని ఏడ్చింది. మార్చి నుంచి అమ్మ ఇంత గట్టిగా ఏడవడం నేను చూడలేదు. అక్క పోయిన కబురు విన్నరోజు కూడా ఇట్లా ఏడవలేదు.

దువ్వెన కర్చీఫ్‌లో చుట్టి బీరువాలో పెట్టుకుంది. బట్టలు ఉతకొద్దన్నది. సూట్‌కేసు లోపల మాత్రం తడిగుడ్డతో తుడిచింది. నా కోసం.

ఆగస్టు 11, సోమవారం

సర్దుతున్నాను, తీసేస్తున్నాను, మళ్ళీ సర్దుతున్నాను. అవే నాలుగు కుర్తాలు.

మూడ్రోజులు పోతే మూడు జతలు. ఆరు నెలలకు ఎన్ని? అక్కడ నేనెవరో తెలిస్తే ఎన్నో తెలుస్తుంది. చుట్టపుచూపుకైతే మంచివి పెట్టుకోవాలి. పనిచేయడానికైతే పాతవి. పిల్లవాడు కక్కుతాడు, పాతవే మేలు. కానీ ఎయిర్‌పోర్టులో పాతవాటితో దిగితే బావ ఏమనుకుంటాడు? ఏమనుకుంటే ఏంటి?

నిద్రలో కూడా ఏదో మర్చిపోయినట్టు ఉలిక్కిపడుతున్నాను. పాస్‌పోర్టు ఉందా అని దిండు కింద చెయ్యి పెట్టి చూసుకుంటున్నాను. స్కూల్లో బోర్డు మీద సంధులు రాస్తూ మధ్యలో ఆగిపోయాను, నెయిల్ కట్టర్ హ్యాండ్‌బ్యాగ్‌లో పెడితే తీసేసుకుంటారట అని గుర్తొచ్చి. సోషల్ చెప్పే శోభారాణి మేడం నా చేతిలోంచి చాక్‌పీసు తీసుకుంది. ఇంత ఫికర్ పడుతున్నవేంది సుమేరా, నువ్వు పోయేది సొంతక్క ఇంటికే కద అని, నాలిక కరుచుకుంది.

ఇంటికొచ్చేసరికి అమ్మ పెట్టినవి పెరిగిపోయాయి. వాము, సొంటి, పసుపుకొమ్ములు, జొన్నపిండి, పిల్లవాడికి ఉగ్గుగిన్నె, రెండు రకాల తొక్కులు. పక్కింటి సోమక్క పాత చీరలు చింపి మెత్తటి పొత్తిగుడ్డలు చేసి ఇచ్చింది. పిల్లగానికి పాత బట్టలే ఒంటికి మంచియి అన్నది. వాటిని మడతపెడుతుంటే మనసు కాస్త కుదుటపడింది. వాడికోసమైతే ఏం పెట్టాలో నాకు తెలుస్తోంది. నాకోసమే తెలియట్లేదు.

ఆగస్టు 13, బుధవారం

ఇంట్లో తూకం లేదు కదా. సూట్‌కేసును ఆటోలో వేసుకుని కట్టయ్య బియ్యం దుకాణానికి పోయాం. మస్కట్ పోవుడుకు ముందు నా కాంట మీదికెక్కాలె ఎవ్వలైన అని కట్టయ్య సంబరంగా బస్తా పక్కకు జరిపాడు.

చాలా ఎక్కువుంది. తొక్కులు తీశాం. ఇంకా ఎక్కువే. జొన్నపిండి తీశాం. ఇంకా. నేను నా చలికోటు తీసేశాను, మస్కట్‌లో ఎందుకని. అయినా ముల్లు దిగలేదు. నేను పెట్టినవి నాకు తెలుసు, ఇంత బరువు ఉండొద్దు. అడుగున చూస్తానని చెయ్యి పెట్టబోతే అమ్మ నా మణికట్టు పట్టుకుంది. అడుగున నేను మంచిగ సర్దిన, కదిలియ్యకు అన్నది. మంచిగానే అన్నది. కానీ పట్టు గట్టిగా ఉంది.

వానపడేట్టుందమ్మా, ఎమ్మటె పోండ్రి అన్నాడు కట్టయ్య.

అదే రోజు, సాయంత్రం

అమ్మ పాల ప్యాకెట్‌కు పోయినప్పుడు అడుగుదాకా తీశాను. పేపర్ పరిచి ఉంది. దానికింద దిండు గలీబు. గలీబులో అక్క నిఖా జోడు, పెళ్ళిబట్టలు. ఎర్రటి ఖడా దుపట్టా, జరీ కుర్తా, అన్నీ.

అక్క గుర్తుకని పెట్టిందేమో అనుకున్నాను. పెట్టేద్దామనే మడతపెట్టాను. కుర్తా పక్కల కుట్టు చేతికి తగిలింది. కొత్తదారం. పాత కుట్టు పక్కనే లోపలికి ఇంకో కుట్టు. భుజాల దగ్గర కూడా. చేతుల పొడవు మడిచి కుట్టి ఉంది.

అక్క నాకంటే పొడుగు. నాకంటే ఒళ్ళున్న మనిషి.

తలుపు గడియపెట్టి కుర్తా వేసుకున్నాను. సరిగ్గా సరిపోయింది. అమ్మ నా కొలత ఎప్పుడూ అడగలేదు.

ఆగస్టు 14, గురువారం

నేను అడగలేదు. అమ్మ చెప్పలేదు. అన్నం తిన్నాం.

ఆగస్టు 16, శనివారం

అడిగాను.

అమ్మ బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే చెప్పింది. నేను పోయిన వారానికి ఇమాంబీ తిరిగొచ్చేస్తోందట. టికెట్ కూడా అయ్యింది. ఆమె వచ్చేలోపే అక్కడ బావతో నాకు నిఖా. ఇద్దరు తల్లులూ కూర్చుని, అంటే ఫోన్‌లోనే, మాట్లాడుకున్నారు. ఆరు నెలలన్న మాట నన్ను ఒప్పించడానికి అన్నదే.

నాకు చెప్పకుండా పెళ్ళిజోడు ఎట్లా పెడతావమ్మా అన్నాను. చెప్తె పోతవా అన్నది. అక్కడికి పోయి వాన్ని ఎత్తుకున్నంక నువ్వే ఒద్దనవు, నాకు తెల్సు అన్నది. నాకు ఒళ్ళు మండింది. అరిచాను. నేనేమన్నా అక్క చీరనా, సగం చింపి వాడుకోవడానికి అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను.

అమ్మ చాట పక్కన పెట్టింది. బయటిది వత్తె వాని గతేంగాను సుమేరా అన్నది. బావ చిన్నోడు, ఇయ్యాల కాకపోతె రేపైన చేసుకుంటడు, అప్పుడు నా బిడ్డ కొడుకు ఎవ్వలి ఇంట్ల ఎట్ల పెరుగుతడో అన్నది. తర్వాత చాలా నెమ్మదిగా ఇంకో మాట అన్నది. నా బిడ్డకు ఆఖరి గుసుల్ తానం నా చేతుల్తోని పొయ్యలే. మొఖం సూడలే. ఏ మట్టిల పెట్టిన్రో తెల్వది. వాన్నన్న మంచిగ చూసుకోనియ్యే అన్నది.

లేచి వచ్చేశాను.

బావ చెడ్డవాడైతే సులువుగా ఉండేది. చెడ్డవాడు కాడు. అక్కను ఏనాడూ ఒక మాట అనలేదు. మా ఇంటికొస్తే నా పిల్లల ఆన్సర్ షీట్లు తీసుకుని తప్పులు చదివి పడీపడీ నవ్వేవాడు. పెళ్ళి సంబంధంగా ఎవరైనా తెస్తే నేనూ ఆలోచించేదాన్నేమో. కానీ అక్క నైటీ కొక్కేనికి వేలాడిన గదిలో నేను పడుకోవాలి. వంటింట్లో డబ్బాల మీద అక్క రాసిన పేర్లుంటాయి. సోహెల్ నన్ను అమ్మా అంటాడు, నేను ఆ పిలుపు అక్క దగ్గర దొంగిలించినట్టు పలకాలి. నేను వాడికి ఖాలానే, పిన్నినే. ఖాలాగా ఎంతైనా చేస్తాను.

ఆగస్టు 17, ఆదివారం

అబ్బాకు ముందే తెలుసు.

అరుగు మీద కూర్చుని ఉంటే పోయి పక్కన కూర్చున్నాను. చెప్పు, చెప్పు అని మీ అమ్మకు అంటనే ఉన్న అన్నాడు. మీరే చెప్పొచ్చు కదా అన్నాను. నాకు ధైర్నం లేకపాయె బిడ్డా అన్నాడు. ఒక బిడ్డను పంపినప్పుడు గూడ నేను మంచిగనే ఉంటది పో అని పంపిన అన్నాడు.

నువ్వు ఏది అంటె అదే. నేను నీ దిక్కే అన్నాడు. ఆ మాట అమ్మ ముందు అంటారా అంటే, నమాజుకు టైమైంది అని లేచాడు.

ఆగస్టు 19, మంగళవారం, మధ్యాహ్నం

బావకు ఫోన్ చేశాను. స్కూలు వెనక, నీళ్ళ ట్యాంకు దగ్గర నిలబడి. ఆయన ఎవరింటి మిద్దె మీదో ఉన్నాడు, గాలి హోరు వినిపిస్తోంది.

నిఖా సంగతి నీకు తెలుసా బావా అని సూటిగా అడిగాను. చేతిలోని పానా కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత, నువ్వే ఒప్పుకున్నవని చెప్పిన్రు అన్నాడు. పిల్లగానికోసం సుమేరానే ముందుకొచ్చింది, నువ్వు కాదంటె ఆ పిల్ల బాధపడతదని వాళ్ళమ్మ ఇమాంబీ చెప్పిందట. ఆయన రెండుసార్లు వద్దన్నాడట. మూడోసారి అనలేకపోయాడట.

ఫిర్దోస్ నిన్ను మా చిన్నది అనేది, నాకు గూడ నువ్వు చిన్నదానివే, ఇంకో తీరుగ నిన్ను చూసుడు నాతోని కాదు సుమేరా అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన కూడా ఏడుస్తున్నాడు. గాలికి సరిగ్గా వినపడలేదు, కానీ తెలుస్తుంది కదా.

అయితే సోహెల్‌ను ఇక్కడికి పంపించు అన్నాను. ముందుగా అనుకుని అన్న మాట కాదు. నోట్లోంచి వచ్చేసింది. అత్తమ్మ ఎట్లాగూ వస్తోంది, వాడి పాస్‌పోర్టు వచ్చింది, ఆమెతోనే పంపించు, నేను పెంచుతాను అన్నాను.

బావ ఫోన్ పెట్టేశాడు.

ఆగస్టు 20, బుధవారం

ఫోన్ లేదు. ఇంట్లో చెప్పేశాను, నేను పోవట్లేదని. అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. నా కంచంలో అన్నం పెడుతోంది, నా మొహం చూడట్లేదు.

సూట్‌కేసు అలాగే ఉంది. దాన్ని విప్పాలంటే చేతులు రావట్లేదు. సర్దడానికి ఎంత భయపడ్డానో విప్పడానికీ అంతే భయంగా ఉంది.

ఆగస్టు 22, శుక్రవారం

ఫోన్ లేదు. తప్పు చేశానేమో. వాడు అక్కడ, ఆ నాలుగు గోడల మధ్య. అక్క నాకు కల్లోకి కూడా రావట్లేదు, అడుగుదామంటే. నిన్నటి ఫ్లైట్‌కు పోయి ఉంటే ఇవాళ్టికి వాణ్ణి ఎత్తుకునేదాన్ని కదా.

శోభారాణి మేడం అన్నది, ఎయిత్ క్లాస్ పిల్లలు నేను పోతున్నానని తెలిసి నాకోసం ఏదో కార్డు చేస్తున్నారట. వద్దని చెప్పమన్నాను.

ఆగస్టు 25, సోమవారం

బావ చేశాడు. వీడియో కాల్.

మంచం మీద వాడి బట్టలన్నీ పరిచి ఉన్నాయి. కెమెరా బట్టల మీదే తిప్పాడు, తన మొహం చూపించలేదు. అమ్మకు చేతగాదు, నాకు తెల్వది, ఏమేం పెట్టాలె జర చెప్పు అన్నాడు.

నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఒక్కొక్కటి పైకెత్తి చూపిస్తున్నాడు. ఈ చొక్కా? పెట్టు బావా. ఈ టోపీ? పెట్టు. ఇది బిగుతైంది. అయితే వద్దు, వదిలెయ్. బిగుతైనదాన్ని ఆయన వదల్లేదు. చేతిలోనే పట్టుకుని ఇంకో చేత్తో మిగతావి చూపించాడు. పాలసీసాలు హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టాలని, డైపర్లు చేతికందేలా ఉండాలని చెప్పాను. అన్నీ నాకు తెలుసు. నెలరోజులుగా నేను చదివింది అదే కదా.

వెనక ఎక్కడో సోహెల్ అరుస్తున్నాడు. ఏడుపు కాదు, ఊరికే అరవడం.

ఎన్ని దినాలకని సర్దాలె సుమేరా అని అడిగాడు బావ.

ఎన్ని రోజులకో నాకూ తెలియదు. రేపెప్పుడో ఆయన పెళ్ళి చేసుకుంటాడు. అప్పుడు వాణ్ణి అడుగుతాడు. అడగాలి కూడా, తండ్రి కదా. అమ్మ భయం అదే, ఇప్పుడు నా భయమూ అదే. అయినా ఆ మాట ఈ మనిషితో ఇవాళ ఎట్లా అంటాను?

మొత్తం పెట్టకు బావా, కొన్ని అక్కడ కూడా ఉంచు, వాడు వచ్చినప్పుడు ఉండాలి కదా అన్నాను.

కెమెరా కాసేపు సీలింగ్ వైపు తిరిగి ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది. తర్వాత, సరే, ఇదుంచుకుంట అన్నాడు. ఆ బిగుతైన చొక్కాయే అయి ఉంటుంది.

ఫోన్ పెట్టి తలెత్తితే అమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. అంతా విన్నది.

ఆగస్టు 27, బుధవారం

సూట్‌కేసు విప్పాను. కుర్తాలు దండెం మీదికి, వాము డబ్బా వంటింట్లోకి. పొత్తిగుడ్డలు పైన పెట్టుకున్నాను, కావాలి కదా.

అడుగున జోడు లేదు. చూస్తే అమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఉంది, ఒళ్ళో అక్క కుర్తా. బ్లేడుతో తను వేసిన కుట్లు విప్పుతోంది. ఒక్కో పోగూ తీసి పక్కన పెడుతోంది. పాత కుట్టు దగ్గరికి వచ్చి ఆగుతోంది. అక్క కొలతకు.

నేనూ ఎదురుగా కూర్చుని కుర్తా రెండో చెయ్యి తీసుకున్నాను. జరీ చినగకుండ జర మెల్లగ అన్నది అమ్మ. వారం తర్వాత నాతో అన్న మొదటి మాట.

కుట్లు పోయినా సూది పోట్లు వరసగా కనిపిస్తూనే ఉన్నాయి. అమ్మ వాటిమీద గోటితో రాసింది. అయినా పోలేదు.

ఆగస్టు 30, శనివారం

శంషాబాద్. ఇమాంబీ వీల్‌చైర్‌లో వచ్చింది, ఒళ్ళో వాడు. అమ్మ ముందుకు పోలేక అక్కడే కూలబడింది. నేను ఎత్తుకున్నాను. అనుకున్నదానికంటే బరువు. నన్ను చూశాడు, చెంప కొరికాడు. పళ్ళు ఇంకా రాలేదు. తర్వాత ఏడుపు మొదలుపెట్టాడు. పాలకు ఆగలేదు, అమ్మ ఎత్తుకుంటే ఆగలేదు. ఏం మాట్లాడాలో తోచక బోర్డు మీద ఉన్నది చదివాను. పార్కింగ్. తాగునీరు. బయటికి దారి. ఆగాడు. నా నోటివైపే చూస్తున్నాడు. చదవడం ఆపితే మళ్ళీ ఏడుపు. కారు కిటికీలోంచి కనబడ్డవన్నీ చదివాను. టైర్ల దుకాణం, టిఫిన్ సెంటర్, ఎరువుల షాపు, స్కూలు, ఎవరిదో ఫంక్షన్ హాల్. జనగామ దాటాక గొంతు పోయింది. బోర్డులు చదవడం అబ్బా అందుకున్నాడు.